కాలేజీ షోకేస్‌లో మీ పరిశోధననీ, సృజనాత్మక పనినీ ప్రదర్శించడం ఎలా?

నెలల తరబడి చేసిన పనిని ఒక హాల్లో బోర్డు పక్కన నిలబడి, వచ్చేపోయేవాళ్లకి చెప్పడం చాలామంది విద్యార్థులకి కొత్త. క్లాసులో సెమినార్ ఇవ్వడం వేరు. అక్కడ వినేవాళ్లు కూర్చుని ఉంటారు, సబ్జెక్టు ఎంతో కొంత తెలుసు, మధ్యలో లేచి వెళ్లరు. షోకేస్‌లో అందరూ నిలబడే ఉంటారు, చుట్టూ పదుల కొద్దీ బోర్డులుంటాయి, ఆసక్తి తగ్గిన క్షణంలో అడుగు పక్క బోర్డు వైపు పడుతుంది.

సైన్సు సదస్సుల్లో పోస్టర్ సెషన్లు, అంటే ఇలా బోర్డు పక్కన నిలబడి పనిని వివరించే కార్యక్రమాలు, 1960ల చివర్లో యూరప్‌లో మొదలై, 1970ల్లో అమెరికాకి పాకాయి. వేదిక మీద అందరికీ సమయం దొరక్కపోవడం ఒక కారణమైతే, పని చేసిన మనిషితో నేరుగా మాట్లాడే వీలుండటం ఇంకో కారణం. తర్వాత డిగ్రీ విద్యార్థుల కోసమూ వేదికలొచ్చాయి. అమెరికాలో 1987లో మొదలైన నేషనల్ కాన్ఫరెన్స్ ఆన్ అండర్‌గ్రాడ్యుయేట్ రీసెర్చ్‌లో సైన్సు పోస్టర్లతో పాటు కవిత్వం, చిత్రకళ, నృత్యం కూడా ప్రదర్శిస్తారు. రూపం ఏదైనా, ఆ రోజు అసలు జరగాల్సింది సంభాషణ. పోస్టరైనా, ఫోటో అయినా ఆ సంభాషణని మొదలుపెట్టడానికే. కాబట్టి మీ తయారీ సమయంలో సగం కాగితానికి, సగం మాటకి కేటాయించండి. చాలామంది ప్రింట్ చేతికి రాగానే పని అయిపోయిందనుకుంటారు. ఆ వచ్చిన ప్రింటుతో ఏం మాట్లాడాలో సాధన చెయ్యాల్సింది అప్పుడే.

1. ముందు రూల్స్ చదవండి

బోర్డు కొలత, అడ్డమా నిలువా, పిన్నులా టేపా, టేబుల్ ఇస్తారా, కరెంటు పాయింట్ ఉందా, ఒక్కొక్కరికి ఎన్ని నిమిషాలు, జడ్జీలు మార్కులు దేనికి వేస్తారు: ఇవి డిజైన్ మొదలుపెట్టకముందే తెలియాలి. మార్కుల పట్టిక ఇస్తే దాన్ని ప్రింట్ తీసి ఎదురుగా పెట్టుకోండి. నిలువు బోర్డుకి అడ్డం పోస్టర్ తెచ్చినవాళ్లకి ఆ రోజు ఎవరూ సాయం చెయ్యలేరు.

2. ఒక్క వాక్యం తేల్చుకోండి

అన్నిటికంటే కష్టమైన పని ఇదే. అన్నిటికంటే ఎక్కువ ఫలితం ఇచ్చేదీ ఇదే. మీ బోర్డు చూసి వెళ్లిన మనిషి సాయంత్రం స్నేహితుడికి మీ పని గురించి ఒకే ఒక్క మాట చెబితే, అది ఏ మాట కావాలి? దాన్ని కాగితం మీద రాయండి. అంశం పేరు రాస్తే చాలదు, ఏం తేలిందో రాయాలి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒక అమ్మాయి బట్టలుతికిన సబ్బు నీళ్లతో విత్తనాలు మొలుస్తాయా అని చూసిందనుకోండి. మామూలు నీళ్లు పోసిన 50 విత్తనాల్లో 44 మొలిచాయి. సబ్బు నీళ్లు పోసిన 50లో 21 మొలిచాయి. సబ్బు నీళ్లలో సగానికి సగం మామూలు నీళ్లు కలిపి పోసిన 50లో 39 మొలిచాయి. (అంకెలు ఉదాహరణ కోసం అనుకున్నవే.) ఏం చేశావని అడిగితే ఆ అమ్మాయి మొదట ఇలా అంటుంది: "విత్తనాల మొలక మీద వాడేసిన నీటి ప్రభావాన్ని అధ్యయనం చేశాను." ఇది విన్నవాళ్లకి ప్రభావం మంచిదో చెడ్డదో తెలియదు. ఇంకో రెండు మూడు సార్లు తిరగరాస్తే ఇలా వస్తుంది: "సబ్బు నీళ్లు నేరుగా పోస్తే మొలకలు సగానికి పడిపోయాయి. అదే నీటిని సగానికి పలచన చేస్తే చాలావరకు మొలిచాయి." ఇప్పుడు వినేవాళ్లకి చెప్పుకోవడానికి ఒక మాట దొరికింది, అడగడానికి ప్రశ్న కూడా దొరికింది. ఏ సబ్బు? ఏ విత్తనాలు? మొలిచాక మొక్కలు బతికాయా?

ఈ వాక్యం తేలాక మిగతా నిర్ణయాలు తేలికవుతాయి. ఏ గ్రాఫ్ ఉంచాలి, ఏది తీసెయ్యాలి అన్న సందేహం వచ్చిన ప్రతిసారీ, అది ఈ వాక్యానికి పనికొస్తుందా లేదా అని చూడండి. నెల రోజులు కష్టపడి చేసిన పనే అయినా, పనికిరాకపోతే పోస్టర్ మీద దానికి చోటు లేదు. దాన్ని ఫైల్లో పెట్టుకోండి, ఎవరైనా అడిగితే తీసి చూపించవచ్చు.

అనుకున్నది రుజువు కాలేదా? అప్పుడు కూడా ఒక వాక్యం ఉంటుంది. "ఈ పద్ధతిలో తేడా కనిపిస్తుందనుకున్నాం, కనిపించలేదు" అన్నది నిజాయతీ గల ఫలితం. దాన్ని దాచి, చిన్న తేడాని పెద్దగా చూపించే ప్రయత్నం మాత్రం చెయ్యకండి. అనుభవమున్న జడ్జి గ్రాఫ్ వైపు ఒకసారి చూస్తే చాలు, దొరికిపోతారు.

3. టైటిల్, అబ్‌స్ట్రాక్ట్

టైటిల్‌ని ఆ ఒక్క వాక్యం నుంచే తియ్యండి. "విత్తన అంకురణపై గృహ వ్యర్థ జలాల ప్రభావం: ఒక ప్రయోగాత్మక అధ్యయనం" అని పెడితే థీసిస్ అట్టలా ఉంటుంది. "పలచన చేస్తే సబ్బు నీళ్లతోనూ విత్తనాలు మొలుస్తాయా?" అంటే పక్క డిపార్ట్‌మెంట్ వాళ్లు కూడా ఆగుతారు.

అబ్‌స్ట్రాక్ట్, అంటే మీ పని సారాంశం, చాలాచోట్ల 150 నుంచి 300 పదాలు అడుగుతారు. మొదటి రెండు వాక్యాల్లో సమస్య, ఆ తర్వాత ఏం చేశారు, ఏం తేలింది అంకెలతో సహా, చివర్లో దాని అర్థం ఏమిటి. "ఫలితాలు చర్చించబడతాయి" అని రాసి ముగించకండి, ఆ ఫలితమేదో అక్కడే చెప్పండి. గడువు నాటికి పని పూర్తి కాకపోతే ఇప్పటిదాకా తేలింది రాసి, పని ఇంకా సాగుతోందని ఒక్క మాట చేర్చండి.

4. రూపం ఎంచుకోండి

అంకెలు, పోలికలు, పటాలు ఉన్న పనికి పోస్టర్ బాగా నప్పుతుంది. కదిలే వస్తువుకి, యాప్‌కి డెమో కావాలి. ఒక వాదన మెట్టుమెట్టుగా కట్టాల్సిన చరిత్ర, సాహిత్య పరిశోధనలకి చిన్న ప్రసంగం మేలు. మీ కాలేజీ ఎంచుకునే స్వేచ్ఛ ఇస్తే, మీ పనిలో చూపించాల్సింది ఎక్కువా, చెప్పాల్సింది ఎక్కువా అని ఆలోచించుకోండి.

పొట్టి ప్రసంగాలకి ప్రపంచమంతా వాడుతున్న నమూనాలు రెండున్నాయి. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ యూనివర్సిటీలో 2008లో మొదలైన త్రీ మినిట్ థీసిస్‌లో 3 నిమిషాలు, ఒకే ఒక్క కదలని స్లైడ్. టోక్యోలో 2003లో మొదలైన పెచకుచలో 20 స్లైడ్లు, ఒక్కోటి 20 సెకన్లు, అవి వాటంతటవే మారిపోతాయి. మొత్తం 6 నిమిషాల 40 సెకన్లు. మీ షోకేస్‌లో ఈ రెండూ లేకపోయినా, మొదటిదాన్ని ఇంట్లో సాధనకి వాడుకోండి. మూడు నిమిషాల్లో, ఒక్క బొమ్మతో చెప్పలేకపోతున్నారంటే రెండో మెట్టు (ఒక్క వాక్యం తేల్చుకోవడం) ఇంకా పూర్తి కానట్టే.

5. పోస్టర్ తయారీ

పవర్‌పాయింట్‌లో చేస్తుంటే ఫైల్ తెరవగానే స్లైడ్ కొలతని పోస్టర్ అసలు సైజుకి మార్చండి. ఏ0 అంటే 841 × 1189 మి.మీ., ఏ1 అంటే 594 × 841 మి.మీ. మామూలు స్లైడ్‌లో అంతా పేర్చేసి చివర్లో సాగదీస్తే నిష్పత్తి కుదరదు, ఫోటోలు మసకబారతాయి.

అక్షరాల సైజు విషయంలో మొహమాటం వద్దు. ఏ0 మీద టైటిల్ 80 పాయింట్లు దాటాలి, ఉపశీర్షికలు 40 దగ్గర, మామూలు పాఠం 24కి తగ్గకూడదు. చూసుకోవడానికి ఒక తేలిక పరీక్ష ఉంది. ఏ0 ఫైల్‌ని ఏ4 కాగితం మీద ప్రింట్ తీస్తే పొడవు, వెడల్పు సరిగ్గా నాలుగో వంతుకి తగ్గుతాయి. 24 పాయింట్ల అక్షరం 6 పాయింట్లవుతుంది. ఆ కాగితాన్ని పుస్తకం చదివే దూరంలో పట్టుకుని కళ్లు చిట్లించకుండా చదవగలిగితే, అసలు పోస్టర్‌ని ఒకటిన్నర మీటర్ల దూరం నుంచి చదవవచ్చు. ప్రింటింగ్‌కి ఇచ్చే ముందు ఈ పరీక్ష తప్పకుండా చెయ్యండి. అక్షరదోషాలు కూడా తెర మీద కంటే ఈ కాగితం మీద బాగా దొరుకుతాయి.

పోస్టర్ తెలుగులో చేస్తుంటే వరసల మధ్య ఖాళీ ఇంగ్లీషుకి ఇచ్చినదానికంటే ఎక్కువ ఇవ్వాలి. లేకపోతే పై వరస ఒత్తులు కింది వరస గుడులకి తగులుతాయి. యూనికోడ్ ఫాంటే వాడండి. పీడీఎఫ్ చేశాక "క్ష్మ", "స్త్ర" లాంటి సంయుక్తాక్షరాలు విడిపోయాయేమో వెతికి చూడండి. ప్రింటింగ్ షాపుకి ఎప్పుడూ పీడీఎఫ్ మాత్రమే ఇవ్వండి. పవర్‌పాయింట్ ఫైల్ ఇస్తే వాళ్ల కంప్యూటర్లో మీ ఫాంట్ లేకపోవచ్చు, అప్పుడు పేజీ అంతా చెదిరిపోతుంది.

మొత్తం పాఠం 300 నుంచి 500 పదాల్లో సరిపెట్టండి. నేపథ్యం నాలుగు వాక్యాలు చాలు. పద్ధతికి పేరా కంటే చిన్న బొమ్మ నయం: మూడు ట్రేలు, మూడు రకాల నీళ్లు, ఒక్కో ట్రేలో 50 విత్తనాలు. తేలిన విషయానికి అన్నిటికంటే పెద్ద చోటు ఇవ్వండి. 2019లో మైక్ మారిసన్ అనే పీహెచ్‌డీ విద్యార్థి ఈ ఆలోచనని చివరిదాకా తీసుకెళ్లి, పోస్టర్ మధ్య భాగమంతా ప్రధాన ఫలితాన్ని మామూలు మాటల్లో, పెద్ద అక్షరాలతో రాసి, వివరాలని పక్కలకి నెట్టే నమూనా ఒకటి ప్రతిపాదించారు. అది చాలా సదస్సుల్లో వాడుకలోకి వచ్చింది. పూర్తిగా అలాగే చెయ్యాలని లేదు, కొన్ని విషయాలకి గ్రాఫే మధ్యలో ఉండాలి. కానీ దూరం నుంచి వచ్చే మనిషికి ముందు ఏం కనిపిస్తుందన్న ఆయన ప్రశ్న ప్రతి పోస్టర్‌కీ వర్తిస్తుంది.

గ్రాఫ్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే చూసేవాళ్ల కళ్లు ముందు అక్కడికే వెళ్తాయి. 1984లో క్లీవ్‌లాండ్, మెక్‌గిల్ అనే ఇద్దరు గణాంక శాస్త్రవేత్తలు చేసిన ప్రయోగాల్లో, మనుషులు ఒకే గీత మీద ఎత్తుల్ని పోల్చినంత కచ్చితంగా కోణాల్ని పోల్చలేరని తేలింది. కాబట్టి గుండ్రంగా ముక్కలు చేసి చూపించే 'పై' (pie) చార్టు కంటే బార్ చార్టు మేలు. బార్లు సున్నా నుంచే మొదలవ్వాలి. 30 నుంచి మొదలుపెడితే 39కీ 44కీ ఉన్న కొద్ది తేడా కూడా పెద్ద అగాధంలా కనిపిస్తుంది. నమూనా చిన్నదైనప్పుడు "78 శాతం" అనే బదులు "50లో 39" అని రాయండి, ఎన్ని విత్తనాల మీద మాట్లాడుతున్నారో వెంటనే తెలుస్తుంది. పక్కన రంగుల డబ్బా పెట్టి ఏ రంగు ఏమిటో వెతుక్కోమనకుండా ఒక్కో బార్ కిందే పేరు రాసెయ్యండి. ఎరుపు, ఆకుపచ్చలతోనే తేడా చూపించకండి. ఉత్తర యూరప్ మూలాలున్న మగవాళ్లలో దాదాపు 8 శాతం మందికి ఆ రెండు రంగుల తేడా సరిగ్గా తెలియదు. మిగతా జనాభాల్లోనూ అలాంటివాళ్లు ఉంటారు. నీలం, నారింజ జత క్షేమం.

ఫోటోలకి లెక్క ఒకటి గుర్తుంచుకోండి. పోస్టర్ మీద 30 సెం.మీ. వెడల్పు రావాల్సిన ఫోటోకి 150 డీపీఐ (అంగుళానికి 150 చుక్కలు) చొప్పున దాదాపు 1,800 పిక్సెళ్ల వెడల్పు ఉండాలి. వాట్సాప్‌లో మామూలుగా పంపుకున్న ఫోటో కుదించుకుపోయి ఉంటుంది. తీసిన ఫోన్ నుంచే అసలు ఫైల్ తెచ్చుకోండి. తెర మీద మెరిసిన రంగులు కాగితం మీద కొంచెం మందగిస్తాయి, ముఖ్యంగా ప్రకాశవంతమైన ఆకుపచ్చ, నీలం. రంగు నిండిన బ్యాక్‌గ్రౌండ్ కంటే తెల్ల కాగితం మీద ముదురు అక్షరాలే చదవడానికి హాయి.

క్యూఆర్ కోడ్ పెడితే స్కాన్ చేసే దూరంలో పదో వంతు సైజు ఉండేలా చూడండి. మీటరు దూరం నుంచి అయితే 10 సెం.మీ. లింక్ తెరుచుకోవడానికి పర్మిషన్ అడుగుతోందా అని వేరేవాళ్ల ఫోన్‌లో చూసుకోండి. మీ ఫోన్‌లో మీ అకౌంట్ ఉంటుంది కాబట్టి ఎప్పుడూ తెరుచుకుంటుంది.

6. సృజనాత్మక పనిని ప్రదర్శించేటప్పుడు

చిత్రం, కథ, షార్ట్ ఫిల్మ్, నృత్యం, శిల్పం చేసినవాళ్లు ఎక్కువగా పడే ఇబ్బంది ఒకటుంది. పని తనంతట తాను మాట్లాడాలి కదా, దీనికి వివరణ ఎందుకు అనిపిస్తుంది. కొందరేమో దాన్ని కూడా సైన్సు పోస్టర్‌లా ఉద్దేశాలు, పద్ధతులు, ఫలితాలు అని గళ్లు కట్టేస్తారు. ఈ రెండూ అక్కర్లేదు. పనికి పూర్తి చోటు ఇచ్చి, దాని పక్కన చదవగలిగే చిన్న నోట్ పెట్టండి.

గోడకి తగిలించే వాటికి గ్యాలరీలు పాటించే కొలత, చిత్రం మధ్య బిందువు నేల నుంచి 145–150 సెం.మీ. ఎత్తులో ఉండటం. అన్ని ఫ్రేములకీ ఈ మధ్య గీతే ఒకటిగా ఉంచితే వేర్వేరు సైజులున్నా వరస కుదురుగా కనిపిస్తుంది. లేబుల్ మీద మీ పేరు, పని పేరు, సంవత్సరం, మాధ్యమం, కొలతలు. లేబుల్‌ని చిత్రానికి కుడి పక్కన, కొంచెం కిందకి పెట్టండి, వీల్‌చైర్లో ఉన్నవాళ్లు కూడా చదవగలగాలి.

అసలు చిక్కు నోట్ రాయడంలో ఉంది. తెల్లవారకముందే కాలేజీ గదులు ఊడ్చేవాళ్ల మీద ఒక విద్యార్థి ఫోటోలు తీశాడనుకుందాం. మొదటి చిత్తులో ఇలా ఉంటుంది: "ఈ ఛాయాచిత్ర మాలిక శ్రమ, కాలం, అస్తిత్వాల మధ్యనున్న సంక్లిష్ట సంబంధాన్ని అన్వేషిస్తుంది." ఈ వాక్యాన్ని ఏ ఫోటోల కిందైనా పెట్టవచ్చు, అందుకే అది దేనికీ చెందదు. దాని బదులు ఏం చేశాడో చెప్పమనండి: "క్లాసులు మొదలవడానికి మూడు గంటల ముందు ఈ గదులు శుభ్రం చేసేవాళ్ల వెంట నడిచాను. ఫ్లాష్ వాడలేదు, గదిలో ఉన్న ట్యూబ్‌లైట్ వెలుతురే. మొహం కనిపించాలా వద్దా అన్నది వాళ్లే నిర్ణయించారు. అందుకే కొన్ని ఫోటోల్లో చేతులు మాత్రమే ఉంటాయి." ఇది చదివినవాళ్లు వెనక్కి తిరిగి ఆ చేతుల్ని మళ్లీ చూస్తారు. మంచి నోట్ చెయ్యాల్సిన పని అదే. వంద పదాలు దాటనివ్వకండి.

ఎలా చేశారో తెలిపే ఆనవాళ్లు కూడా పెట్టవచ్చు: ఒక స్కెచ్‌బుక్ పేజీ, కొట్టివేతలున్న కవిత చిత్తుప్రతి, పగిలిన మొదటి మట్టి నమూనా. ఒకటీ రెండూ చాలు. అన్నీ పరిచేస్తే అసలు పని వెనక్కి పోతుంది.

కాలంతో నడిచే పనులకి కాలం గురించే జాగ్రత్త. పదిహేను నిమిషాల సినిమాని హాల్లో నిలబడి పూర్తిగా చూసేవాళ్లు తక్కువ. రెండు నిమిషాల భాగం ఎంచుకుని ఆగకుండా తిరిగేలా పెట్టండి, పూర్తి నిడివి ఎంతో, ఏ సమయానికి పూర్తిగా వేస్తారో పక్కన రాయండి. హాల్లో చప్పుడు మీరు అనుకున్నదానికంటే ఎక్కువ ఉంటుంది కాబట్టి హెడ్‌ఫోన్లు, సబ్‌టైటిల్స్ రెండూ ఉండాలి. కవితల్లో ఒకటి పెద్ద అక్షరాలతో గోడ మీద, మిగతావి చేతికి తీసుకునే కాగితాల్లో పెట్టండి. గంటకోసారి చదువుతారని బోర్డు రాసి, ఆ సమయానికి నిజంగా చదవండి, ముగ్గురే వచ్చినా సరే.

7. అనుమతులు, పేర్లు

దీన్ని చివరిదాకా వాయిదా వెయ్యకండి. టీమ్‌లో పనిచేసిన ప్రతి ఒక్కరి పేరూ, గైడ్ పేరూ ఉండాలి. వాళ్లందరూ తుది ఫైల్ చూసి సరేననాలి. ల్యాబ్‌లో సాయం చేసినవాళ్లకి, ఇంటర్వ్యూ ఇచ్చినవాళ్లకి కృతజ్ఞతలు ఒక వరసలో చెప్పండి. మనుషుల దగ్గర సేకరించిన సమాచారమైతే, వాళ్లు ఒప్పుకున్నది చదువు కోసమా, బయట ప్రదర్శన కోసం కూడానా అన్నది మళ్లీ చూసుకోండి. పేరు తీసేసినా ఊరు, వయసు, ఉద్యోగం కలిపి చూస్తే మనిషిని గుర్తుపట్టగలిగే సందర్భాలుంటాయి.

పేటెంట్ తీసుకోదగ్గ పరికరం చేసి ఉంటే, దరఖాస్తుకి ముందే బహిరంగంగా చూపిస్తే చాలా దేశాల్లో ఆ హక్కు పోయే ప్రమాదం ఉంది. ముందు గైడ్‌తో మాట్లాడండి. వీడియోలో సంగీతం వాడితే లైసెన్స్ చూడండి. క్రియేటివ్ కామన్స్ (తమ పనిని ఇతరులు వాడుకోవడానికి సృష్టికర్తలు ఇచ్చే ఉచిత లైసెన్సులు)లో "బీవై" ఉంటే సృష్టికర్త పేరు చెప్పాలి. "ఎన్‌డీ" ఉంటే మార్చి పంచుకోకూడదు, ఆ పాటని మీ వీడియోకి జతచెయ్యడం కూడా మార్పు కిందికే వస్తుంది. ఏఐ టూల్ వాడి బొమ్మ గీయించినా, కోడ్ రాయించినా ఎక్కడ వాడారో ఒక వరసలో చెప్పెయ్యండి. అడిగాక బయటపడటం కంటే అది ఎంతో గౌరవంగా ఉంటుంది.

8. మాట సిద్ధం చేసుకోండి

రెండు రూపాలు కావాలి: అర నిమిషానిది ఒకటి, మూడు నిమిషాలది ఒకటి. అర నిమిషంది ఇలా ఉండవచ్చు:

"బట్టలుతికిన నీళ్లు రోజూ పారబోస్తాం కదండీ, వాటితో విత్తనాలు మొలుస్తాయేమో చూద్దామనుకున్నాను. మూడు ట్రేల్లో యాభయ్యేసి విత్తనాలు వేశాను. సబ్బు నీళ్లు నేరుగా పోస్తే 21 మాత్రమే మొలిచాయి. సగం మామూలు నీళ్లు కలిపితే 39 మొలిచాయి, మామూలు నీళ్లతో 44. అంటే పలచన చేస్తే చాలావరకు నష్టం తగ్గింది. ఎలా చేశానో చూపించమంటారా?"

ఇందులో జరిగింది గమనించండి. తెలిసిన విషయంతో మొదలైంది, ఫలితం ముందే వచ్చేసింది, చివర్లో ఒక ప్రశ్నతో నిర్ణయం వినేవాళ్ల చేతిలో పెట్టింది. వాళ్లు "చూపించు" అంటే మూడు నిమిషాలదానికి వెళ్తారు. నవ్వి ముందుకు వెళ్లిపోయినా మీ ఒక్క వాక్యం వాళ్లతో వెళ్లింది.

వచ్చినవాళ్లు ఎవరో ముందు తెలుసుకోవడం మంచిది. "మీరు ఏ డిపార్ట్‌మెంట్ సార్?" అని ఒక్క మాట అడిగితే, బోటనీ మేడమ్‌కి విత్తనం గురించి పాఠం చెప్పే అవసరం తప్పుతుంది, వేరే రంగం వాళ్లకి పరిభాష విప్పి చెప్పవచ్చు. గ్రాఫ్ చూపించేటప్పుడు ముందు "ఇటు మూడు రకాల నీళ్లు, ఎత్తు ఏమో మొలిచిన విత్తనాలు" అని చెప్పి, తర్వాతే ఫలితం మీద వేలు పెట్టండి. మీకు ఆ గ్రాఫ్ నెలల పరిచయం, వాళ్లు ఇప్పుడే చూస్తున్నారు.

మొత్తం బట్టీ పట్టకండి. మధ్యలో ఎవరైనా ప్రశ్న వేస్తే తీగ తెగిపోతుంది. మొదటి వాక్యం మాత్రం నిద్రలో లేపి అడిగినా చెప్పేలా ఉండాలి. టెన్షన్ ఎక్కువగా ఉండేది ఆ మొదటి పది సెకన్లే. సాధన కోసం సబ్జెక్టు తెలియని మనిషిని పట్టుకోండి, ఇంట్లోవాళ్లయినా సరే. మీరు చెప్పాక "నీకేం అర్థమైందో నాకు చెప్పు" అనండి. వాళ్లు తిరిగి చెప్పినదానికీ మీ ఒక్క వాక్యానికీ ఎంత దూరం ఉందో చూసుకుంటే ఎక్కడ సరిచెయ్యాలో తెలిసిపోతుంది. ఇంతకంటే మంచి పరీక్ష నాకు తెలియదు.

9. ప్రశ్నలు

జడ్జీలు తరచుగా అడిగేవి కొన్నే. ఈ పద్ధతే ఎందుకు? అనుకోనిది ఏం జరిగింది? టీమ్‌లో మీరు స్వయంగా ఏం చేశారు? మళ్లీ చేస్తే ఏం మారుస్తారు? ఇక్కడి నుంచి ఎటు? ప్రతిదానికీ రెండేసి వాక్యాల జవాబు ఆలోచించుకుని ఉంచండి. టీమ్ అయితే మూడో ప్రశ్నకి అందరూ ఒకే మాట చెప్పాలి.

పని పరిమితుల్ని మీరే ముందు చెప్పండి. "ఒకే రకం సబ్బు, ఒకే రకం విత్తనాలు. మొలవడం వరకే చూశాను, పెరగడం చూడలేదు." ఇలా చెప్పే విద్యార్థి మీద నమ్మకం పెరుగుతుంది. "ఉప్పు శాతం కొలిచారా?" అంటే, కొలవకపోతే, "కొలవలేదండి. కొలిచి ఉంటే సబ్బు వల్లో ఉప్పు వల్లో తేలేది. దానికి ఎలాంటి మీటర్ వాడతారు?" అనండి. తెలియని చోట ఆగి, తెలుసుకునే ప్రశ్న వేస్తే, ఎదుటి మనిషికున్న అనుభవం మీకు ఉచితంగా దొరుకుతుంది. కల్పించి చెప్పిన జవాబు మాత్రం రెండో ప్రశ్నకే కూలిపోతుంది.

కొందరు వాదనకి దిగుతారు. అప్పుడు డేటా ఏం చెబుతోందో, మీ ఊహ ఏమిటో విడదీసి చెప్పండి. సృజనాత్మక పనిలో "నాకు వేరేగా అనిపించింది" అంటే సరిదిద్దకండి, ఎక్కడ అలా అనిపించిందో అడగండి.

10. ఆ రోజు

పిన్నులు, రెండు వైపులా అంటుకునే టేపు, కత్తెర, పెన్ను, నీళ్ల సీసా, ఎక్స్‌టెన్షన్ బాక్సు, ఫైల్ కాపీ ఉన్న పెన్‌డ్రైవ్ వెంట ఉండాలి. వీడియోని ఇంటర్నెట్ మీద ఆధారపడకుండా ల్యాప్‌టాప్‌లోకి దించుకోండి. డెమోకి ముందే తీసిన రికార్డింగ్ ఒకటి సిద్ధంగా ఉంచండి, పరికరం మొరాయిస్తే అదే ఆదుకుంటుంది. గంటలు నిలబడాలి కాబట్టి అలవాటైన చెప్పులే వేసుకోండి.

పోస్టర్‌కి ఎదురుగా నిలబడితే చూసేవాళ్లకి అడ్డం, పక్కకి నిలబడండి. ఫోన్ జేబులో ఉంచండి, తల వంచుకుని ఫోన్ చూస్తున్న మనిషిని పలకరించడానికి ఎవరూ ముందుకు రారు. ఎవరైనా దూరం నుంచి చదువుతుంటే కాసేపు చదవనిచ్చి, కళ్లు కలిసినప్పుడు మీ మొదటి వాక్యం చెప్పండి. ఒకరితో మాట్లాడుతుండగా ఇంకొకరు వచ్చి చేరితే తల తిప్పి వాళ్లనీ సంభాషణలోకి తీసుకోండి. టీమ్‌లో ఇద్దరుంటే విడతలవారీగా ఉండండి, ఖాళీ దొరికినవాళ్లు మిగతా బోర్డులు చూసి రావాలి. తోటివాళ్ల పని చూడటం, ప్రశ్నలు అడగటం కూడా షోకేస్‌లో భాగమే.

11. అయిపోయాక

ఆ రాత్రి పడుకునే ముందు గుర్తున్న ప్రశ్నలన్నీ రాసిపెట్టండి. ఒకే ప్రశ్న చాలామంది అడిగి ఉంటే, పోస్టర్‌లో ఏదో లోటు ఉందని అర్థం, లేదా మీ తర్వాతి ప్రాజెక్ట్ అక్కడే ఉంది. పేపర్ పంపమనో, కలవమనో ఎవరైనా అడిగి ఉంటే ఒకటి రెండు రోజుల్లోనే మెయిల్ రాయండి, ఆలస్యమైతే వాళ్లు మర్చిపోతారు. ఎక్కడ కలిశారో మొదటి వాక్యంలో గుర్తు చెయ్యండి.

తుది పీడీఎఫ్, గ్రాఫుల వెనకున్న డేటా, పని ఫోటోలు ఒకే ఫోల్డర్లో, తేదీతో దాచుకోండి. కాలేజీకి డిజిటల్ రిపాజిటరీ (పనుల్ని ఆన్‌లైన్లో దాచే చోటు) ఉంటే గైడ్ అనుమతితో అందులో చేర్చండి. రెజ్యూమెలో రాసేటప్పుడు పేర్లన్నీ వరసలో, పని పేరు, షోకేస్ పేరు, తేదీ, తర్వాత "పోస్టర్", "ప్రసంగం", "ప్రదర్శన" అని ఏ రూపమో స్పష్టంగా రాయండి. పోస్టర్‌ని ప్రచురణల జాబితాలో వెయ్యకండి. "ప్రెజెంటేషన్లు" అని వేరే శీర్షిక పెట్టి అందులో రాయండి, ఇంటర్వ్యూలో దాని గురించే అడిగే అవకాశం ఎక్కువ.